కాండక్ట్ సర్టిఫికెట్

పాపకూర, ఆక్లండ్
18 ఫిబ్రవరి 2007

పిన్నీ,

ముఖ్యమైన సంగతి ఫోనులో చెబితే నీకు చెప్పినట్టు కాదు. అందుకే కాగితం తీసుకున్నాను.

క్లాసులు మొదలై పది రోజులైంది. ముప్పై నాలుగేళ్ల వయసులో మళ్ళీ మెడలో ఐడీ కార్డు, భుజానికి సంచీ. సామర్లకోటలో నీ స్కూల్లో తొమ్మిదేళ్లు లెక్కలు చెప్పిన అనుభవం ఇక్కడ లెక్కలోకి రాదు. ఏడాదిపాటు వీళ్ల ట్రైనింగు తీసుకుని, బళ్లో పాఠాలు చెప్పి చూపిస్తేనే టీచరుగా నమోదు చేస్తారు. నా పక్కన కూర్చునే అమ్మాయికి ఇరవై రెండేళ్లు. మొదటిరోజు నన్ను లెక్చరర్ అనుకుని లేచి తన కుర్చీ ఇచ్చింది. సంగతి తెలిశాక వెనక్కి అడగలేక గంటసేపు గోడకి ఆనుకుని నిలబడింది.

యూనివర్సిటీ ఆల్బనీలో, ఊరికి ఉత్తరపు కొసన. మా ఇల్లు దక్షిణపు కొసన. పొద్దున్నే రైలెక్కి సిటీలో దిగి, అక్కడ బస్సెక్కి వంతెన దాటి వెళ్లేసరికి రెండు గంటలు. దారిలో ఎవరూ ఎవరితో మాట్లాడరు కాబట్టి చదువుకోవడానికి బాగానే ఉంది. చైతన్యకి జనవరి నుంచి వెల్లింగ్టన్‌లో కాంట్రాక్టు ఉద్యోగం, కాపురం రెండు ఊళ్లలో. మూడు వారాలకోసారి వస్తున్నారు.

వారానికి రెండు రోజులు పాపకూరలోనే ఒక హైస్కూలుకి వెళ్లి, వెనక కూర్చుని చూడాలి. క్లాసు టీచరు పేరు హెలెన్. బల్ల మీద కూర్చుని పాఠం చెబుతుంది. మొన్న ఒక పిల్ల కూర్చున్న చోటు నుంచే, "మిస్, మూడో లైను తప్పు" అంది. హెలెన్ చూసుకుని, "అవును, థాంక్స్" అని చెరిపేసింది. క్లాసులో ఎవరూ ఆశ్చర్యపోలేదు, నేను తప్ప.

నీతో పని ఉంది. నేను ఇదివరకు పనిచేసిన స్కూలు హెడ్మిస్ట్రెస్ నుంచి కాండక్ట్ సర్టిఫికెట్ లాంటి ఉత్తరం కావాలట. పిల్లలతో నా ప్రవర్తన ఎలా ఉండేదో రాయాలి. నువ్వు రిటైరయి రెండేళ్లయినా, ఆ తొమ్మిదేళ్లూ హెడ్మిస్ట్రెస్‌వి నువ్వే కాబట్టి నువ్వే రాయాలి. నాకు చూపించకుండా, కవరు అంటించి నేరుగా యూనివర్సిటీకి పంపాలి. అడ్రసు వెనక రాశాను. నన్ను పొగడక్కర్లేదు, ఉన్నదున్నట్టు రాయి.

నీ
ఆశాజ్యోతి


సామర్లకోట
9 మార్చి 2007

ఆశా,

ఉత్తరం అందింది. చేతిరాత వంకర పోతోంది. కంప్యూటరు మీద కొట్టీ కొట్టీ ఇలా అయి ఉంటుంది. రోజూ ఒక పేజీ కాపీ రాయి.

నువ్వు అడిగినది నిన్ననే స్పీడ్ పోస్టులో పంపాను. ఒక పేజీ సరిపోక వెనక్కి తిప్పాను. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఎంతోమందికి సర్టిఫికెట్లు రాసిచ్చాను గాని ఇంత ఇష్టంగా ఎవరికీ రాయలేదు. ఒక్క అబద్ధం లేదు. నిన్ను బాగా చూసుకుంటారు.

టీచరు బల్ల మీద కూర్చోవడం నాకు అర్థం కాలేదు. వాళ్లకి కుర్చీలు లేవా? నీకు క్లాసు అప్పగించాక మొదటి నెల నవ్వకు. తర్వాత ఏడాదంతా నవ్వుకోవచ్చు.

ఇక్కడ టెన్త్ పరీక్షలు దగ్గర పడ్డాయి. మా మేడ మీద ట్యూషన్‌కి పద్దెనిమిది మంది వస్తున్నారు. అందులో ఒకడికి ఇప్పటికీ భిన్నాలు రావు. వచ్చేలా చేస్తాను.

కామేశ్వరమ్మ


పాపకూర
3 ఏప్రిల్ 2007

పిన్నీ,

నిన్న మా కోర్సు పెద్దావిడ రోజ్‌మేరీ నన్ను తన గదికి పిలిచింది. తలుపు వేసి, మంచినీళ్లు ఇచ్చి, నీ ఉత్తరం తీసి నా ముందు పెట్టింది. ఒకచోట పెన్సిలుతో గీత గీసి ఉంది. నీ ఇంగ్లీషులో ఉన్న మాటల్ని తెలుగులో రాస్తున్నాను, నువ్వే చదువుకో:

"ఆమె బెత్తం అనవసరంగా ఎత్తదు. అవసరమైన చోట వెనకాడదు. ఆమె చేతి దెబ్బలు తిన్న పిల్లలెవరూ లెక్కల్లో తప్పలేదు. తల్లిదండ్రులు వచ్చి కృతజ్ఞతలు చెప్పేవారు."

రోజ్‌మేరీ గొంతు పెంచలేదు. "ఇది నిజమా?" అని మాత్రం అడిగింది. నిజమే అన్నాను. ఆవిడ రాసుకుంది. "ఎన్నిసార్లు?" అంది. లెక్క పెట్టలేదన్నాను. అదీ రాసుకుంది.

బళ్లలో పిల్లల్ని కొట్టడం ఇక్కడ 1990లోనే నిషేధించారు, పిన్నీ. ఇప్పుడు ఇంట్లో అమ్మానాన్నలు కొట్టినా తప్పే అనే చట్టం కోసం పార్లమెంటులో వాదనలు నడుస్తున్నాయి. రోజూ టీవీలో అదే గొడవ. సరిగ్గా ఈ రోజుల్లో నీ ఉత్తరం వాళ్ల బల్ల మీదికి వచ్చింది.

నా టీచింగ్ ప్రాక్టీస్ ఆపేశారు. కమిటీ కూర్చుని తేల్చేదాకా క్లాసులో వెనక కూర్చుని చూడ్డానికే అనుమతి. కమిటీ జూలైలో. వాళ్లు వద్దంటే ఈ ఏడాదీ పోయింది, ఈ దేశంలో నా టీచరు ఉద్యోగమూ పోయింది.

ఎందుకు రాశావు అలాగ? నువ్వు ఇంకో ఉత్తరం రాయాలి. అక్కడ మాటవరసకి అలా అంటారని, నిజానికి నేను ఎవర్నీ కొట్టలేదని రాయి. వెంటనే పంపు.

ఆశ


సామర్లకోట
21 ఏప్రిల్ 2007

ఆశాజ్యోతికి,

ఉన్నదున్నట్టు రాయమన్నావు, రాశాను. ఇప్పుడు లేనిది రాయమంటున్నావు. నాకు చేతకాదు.

నీ ఉత్తరం పట్టుకుని ఈశ్వరరావుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన కాకినాడ కోర్టులో ప్లీడరుగా చేసి మానేసిన మనిషి. సామర్లకోటలో కొట్టిన దెబ్బకి న్యూజిలాండులో కేసు పెట్టడం కుదరదని ఖాయంగా చెప్పారు. అరెస్టు చేస్తే మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దన్నారు. చైతన్యకు ఈ మాట చెప్పు. నీ పాస్‌పోర్టు అతని దగ్గర ఉంచు. నన్ను కూడా పిలుస్తారా? పిలిస్తే వస్తాను. వచ్చి ఇదే చెబుతాను.

నువ్వు ఏడో తరగతిలో ఉండగా ఎక్కం తప్పు చెప్పినందుకు నిన్నూ కొట్టాను. నీకు జ్వరం వచ్చింది. మీ అమ్మ నాతో వారం మాట్లాడలేదు. ఆ ఎక్కం మళ్లీ ఎప్పుడైనా తప్పావా? నేను నిన్ను పాడుచేశానని వాళ్లెవరో చెబితే నువ్వు నమ్ముతున్నావు. అదే నాకు బాధ.

కామేశ్వరమ్మ


పాపకూర
8 మే 2007

పిన్నీ,

అరెస్టు లేదు, జైలు లేదు. నన్ను పిల్లల దగ్గర వదలచ్చా లేదా అనేదొక్కటే ప్రశ్న. ఈశ్వరరావుగారికి చెప్పు.

కిందటిసారి కోపంలో రాశాను. అబద్ధం రాయమనడం తప్పే. ఇంక అడగను.

వెనక కూర్చుని చూస్తూనే ఉన్నాను. చూడడం తప్ప పని లేనప్పుడు చాలా కనిపిస్తాయి. మెలే అని టోంగా దేశపు వాళ్ల పిల్ల, పదమూడేళ్లు. నోరు విప్పదు. నోటుబుక్కులో మాత్రం లెక్కలన్నీ సరిగ్గా ఉంటాయి. పోయిన గురువారం తల్లిదండ్రుల మీటింగుకి వాళ్ల బామ్మ వచ్చింది, పూల గౌను వేసుకుని, చేతిలో బైబిలుతో. హెలెన్‌తో, "ఇది మాట వినకపోతే కొట్టండి. నేను ఒప్పుకుంటున్నాను" అంది. హెలెన్ నవ్వి, "మేము కొట్టమండీ. తను బాగా చదువుతోంది" అంది. ఆవిడ నమ్మలేదు. నావైపు తిరిగి, "మీరు ఇండియా కదా, మీకు తెలుసు" అంది.

నేను మెలే వైపు చూశాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

అలా చేతులు దాచుకుని కూర్చున్న పిల్ల ఇంకొకతె నాకు తెలుసు. లోవకుమారి. 1999లో తొమ్మిదో తరగతి బీ సెక్షన్. మూడు రోజులు హోంవర్కు తేలేదని స్కేలు అంచుతో వేళ్ల మీద కొట్టాను. మర్నాడు ఒక వేలు వాచి ఉంది. ఆ తర్వాత కొద్దిరోజులకే బడి మానేసింది. జ్వరమని ఎవరో అన్నారు, నేనూ అదే అనుకున్నాను. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

ఆ పిల్ల ఏమైందో నీకు తెలుసా? నా వల్లే మానేసిందా? ఇది కమిటీ కోసం కాదు. నాకు తెలియాలి.

ఆశ


పాపకూర
10 జూన్ 2007

పిన్నీ,

నెల దాటింది, జవాబు లేదు. రెండుసార్లు ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. నామీద కోపంతోనే ఊరుకున్నావని అనుకుంటున్నాను. లోవకుమారి సంగతి అడగడం నిన్ను నిలదీసినట్టు అనిపించిందేమో. నా ఉద్దేశం అది కాదు.

కమిటీ జూలై ఐదున. నీ నుంచి ఏమీ ఆశించడం లేదు. ఒంట్లో బాగుంటే ఒక కార్డు ముక్క రాయి.

ఆశ


సామర్లకోట
18 జూన్ 2007

ఆశా,

నువ్వు మే నెలలో రాసిన ఉత్తరానికి ఇది జవాబు. ఆలస్యమైంది. మనిషిని వెతకడానికి పట్టిన ఆలస్యం.

స్కూలుకు వెళ్లి పాత అడ్మిషన్ రిజిస్టరు తీయించాను. లోవకుమారి తండ్రి రైసుమిల్లులో కూలీ. ఆ వీధికి వెళితే ఇల్లు ఖాళీ చేసి ఆరేళ్లయిందన్నారు. పక్కింటి సత్యమ్మ అనే ఆవిడ పిల్లకి పెద్దాపురం సంబంధం చేశారని చెప్పింది. పెద్దాపురం మూడుసార్లు వెళ్లాను. మూడోసారి దొరికింది. పాత బస్టాండు దగ్గర చిన్న గదిలో జాకెట్లు కుడుతుంది. ఇద్దరు పిల్లలు.

నన్ను చూడగానే మిషను ఆపి లేచి నిలబడింది. "రండి మేడంగారూ" అని కుర్చీ తుడిచి వేసింది. పిల్లని పంపి గోలీసోడా తెప్పించింది. నువ్వు అడిగినది అడిగాను. ఆశాజ్యోతి టీచరు కొట్టినందుకు బడి మానేశావా అని.

"లేదండీ, ఆవిడ కొట్టింది నాకు గుర్తులేదండి. లెక్కల టీచర్లు అందరూ కొట్టేవారు కదండీ. నేను మానేసింది మీరు రావద్దన్నారనండి."

నేనెప్పుడు అన్నానన్నాను.

"ప్రేయర్లో అండి. రిబ్బన్లు కట్టుకోలేదని స్టేజీ ఎక్కించి రెండు లెంపకాయలు వేశారండి. 'రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు' అన్నారు. నిజమనుకున్నానండి. నాన్న వెళ్లి అడుగుతానంటే నేనే వద్దన్నాను, మేడం రావద్దన్నాక ఎలా వెళ్తామని."

ఆశా, ఆ మాట నేను రోజుకి ఒకరినైనా అనేదాన్ని. నిన్నూ అన్నాను. అందరూ మర్నాడు వచ్చేవారు. ఒక పిల్ల రాలేదు. నేను చూసుకోలేదు.

అంతకంటే కష్టమైనది చెబుతాను. ఆ రోజు నాకు గుర్తు రాలేదు. స్టేజీ, రిబ్బన్లు, ఆ పిల్ల ముఖం, ఏవీ లేవు. బస్సులో వస్తూ ఎంత తవ్వుకున్నా రాలేదు. ఆమెకి నేను కట్టుకున్న చీర రంగు కూడా గుర్తుంది.

మీ కమిటీకి ఈ రోజే రెండో ఉత్తరం పంపాను, తొందరగా చేరే కొరియరులో. నువ్వు కోరినట్టు రాయలేదు. మొదటి దానిలో ఒక్క మాటా వెనక్కి తీసుకోలేదు. ఏం రాశానో నీకు చెప్పను. వాళ్లే చెబుతారు.

కామేశ్వరమ్మ


వెల్లింగ్టన్
15 జూలై 2007

పిన్నీ,

నీ ఉత్తరం కమిటీకి ముందురోజు అందింది. మూడుసార్లు చదివాను. దాని గురించి ఏం రాయాలో తెలియక ముందు జరిగింది చెబుతున్నాను.

ముగ్గురు కూర్చున్నారు. రోజ్‌మేరీ నీ రెండో ఉత్తరం పైకి చదివింది. నాకు గుర్తున్నంత వరకు ఇదీ:

"నా మొదటి ఉత్తరంలో రాసినదంతా నిజం. రాయనిది ఒకటి ఉంది. కొట్టడం ఆమెకు నేర్పింది నేను. మొదట నా విద్యార్థినిగా నేర్చుకుంది, తర్వాత నా దగ్గర టీచరుగా. ఇదంతా తప్పని నాకు అరవై రెండో ఏట, ఈ నెలలో తెలిసింది. ఆమెకి ముప్పై నాలుగుకే తెలిసింది. ఆమె వేరే విధంగా పనిచేయగలదా అని మీరు నన్ను అడిగితే నేను చెప్పగలిగింది ఇంతే: నేను ఏది నేర్పినా ఆమె త్వరగా నేర్చుకుంది. చెడ్డది కూడా."

తర్వాత ఒకాయన అడిగాడు: "ఇప్పుడు ఒక పిల్ల మీకు కోపం తెప్పిస్తే ఏం చేస్తారు?" చక్కటి జవాబులు వారం నుంచి తయారు చేసుకుని ఉన్నాను. అవేవీ నోటికి రాలేదు. "తెలియదు. ఆ అవకాశం ఇంకా రాలేదు" అన్నాను. వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

మూడో టర్ములో టీచింగ్ ప్రాక్టీస్‌కి ఒప్పుకున్నారు. ప్రతి పీరియడ్‌లోనూ హెలెన్ గదిలోనే ఉండాలి. ఆవిడ బాగాలేదంటే అంతటితో సరి.

సెలవులకి రైల్లో వెల్లింగ్టన్ వచ్చాను. పొద్దున్న ఎక్కితే చీకటి పడ్డాక దింపింది. గొర్రెలు, మళ్లీ గొర్రెలు, మధ్యలో మంచు కప్పిన కొండ. ఒక వంతెన మీద బండి బాగా నెమ్మదించింది. బోగీలో అందరూ కిటికీల దగ్గరికి వెళ్లి లోయ ఫోటోలు తీసుకున్నారు. నేను కూర్చునే ఉన్నాను. అంతసేపూ ఆ పిల్ల మాట మీదే ఉంది మనసు. నిజమనుకున్నానండి అందిట.

ఇక్కడ గాలికి గొడుగు నిలవదు. చైతన్య నీ ఉత్తరం చదివి, "మీ పిన్నిగారంటే నాకు ఇప్పుడు ఎక్కువ భయం" అన్నారు.

పిన్నీ, ఆమెని నేనూ కొట్టాను. ఆమెకి గుర్తులేకపోతే అది లేకుండా పోదు.

ఆశ


పాపకూర
7 అక్టోబరు 2007

పిన్నీ,

ప్రాక్టీస్ అయిపోయింది. పాసయ్యాను.

నీకు అన్నీ సరిగ్గా చెప్పాలి. ఆరో వారంలో చిన్న పరీక్ష పెట్టాను. మెలే పేపరు అందుకుని, చూసి, నిలువునా చింపి నా కాళ్ల దగ్గర పడేసింది. మాట్లాడని పిల్ల. ఎందుకో ఇప్పటికీ తెలియదు. నా చెయ్యి లేచింది, పిన్నీ. భుజం దాకా లేచింది. అందరూ చూశారు, వెనక కూర్చున్న హెలెన్‌తో సహా. మెలే కదల్లేదు. దెబ్బ ఎక్కడ పడుతుందో తెలిసిన పిల్లలాగ కళ్లు మూసుకుంది.

ఆ చేత్తోనే తలుపు తీసుకుని బయటికి పోయాను. వరండాలో చలి. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. లోపలికి వచ్చి, "నాకు కోపం వచ్చింది. అది తగ్గేదాకా బయట ఉన్నాను. చెయ్యి ఎత్తినందుకు సారీ" అన్నాను. మెలే, "ఏడ్చారా మిస్?" అని అడిగింది. నాతో ఆ పిల్ల మాట్లాడిన మొదటి మాట. లేదు, చలి అన్నాను. ఇంకో పేపరు ఇచ్చాను. రాసింది.

హెలెన్ ఆ రోజు నా ప్రాక్టీస్ పుస్తకంలో ఏం రాసిందో తెలుసా? "ఇరవై తొమ్మిది మందిని గదిలో వదిలి టీచరు బయటికి వెళ్లకూడదు." అంతే. చివరి రిపోర్టులో మాత్రం, "ఈమెను మా స్కూల్లో తీసుకోవడానికి నాకు ఇష్టమే" అని రాసింది. ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టాను.

దీనితోపాటు అంటించిన కవరు ఒకటి ఉంది. లోవకుమారికి. నాకు ఆమె అడ్రసు తెలియదు కాబట్టి నీకు పంపుతున్నాను. దానిలో పెద్దగా ఏమీ లేదు. ఆమె వేలి గురించి, నేను ఆ తర్వాత అడగకపోవడం గురించి రాశాను. క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె మొహమాటానికి సరే అంటుందని మానేశాను. నువ్వు చదవకు, ఇచ్చెయ్యి.

ఆశ


సామర్లకోట
2 నవంబరు 2007

ఆశా,

పాసైనందుకు సంతోషం. హెలెన్ చెప్పిన మాట నిజమే, క్లాసు వదిలి వెళ్లకూడదు. నేనైతే ఆ మాట అనేదాన్ని కాదు, ఈసారికి.

నీ కవరు మొన్న మంగళవారం తీసుకెళ్లి ఇచ్చాను. దీపావళి ముందు రోజులు కదా, గది నిండా కుట్టాల్సిన బట్టలు. మిషను ఆపి, చేతులు తుడుచుకుని, నా ఎదుటే విప్పింది. ఒక్కొక్క మాటా వేలు పెట్టుకుని చదివింది. తొమ్మిదో తరగతితో ఆగిన చదువు. చదవడానికి చాలాసేపు పట్టింది. నేను వీధివైపు చూస్తూ కూర్చున్నాను.

చదవడం అయ్యాక కాగితం మడిచి, కుడిచేతి మధ్యవేలు ఒకసారి చూసుకుంది. "ఈవిడికి గుర్తుందన్నమాటండి" అంది. నవ్విందో లేదో నాకు తెలియలేదు. కవరు జాకెట్లో పెట్టుకుంది.

నేను లేచి చెప్పులు వేసుకుంటూంటే అడిగింది.

"మీరు రాయలేదేం మేడంగారూ?"

ఎదురుగా వచ్చాను కదమ్మా, నోటితో చెప్పాను కదా అందామనుకున్నాను. కాని ఆలోచిస్తే నేనేమీ చెప్పలేదు. మొదటిసారి వెళ్లినప్పుడు ప్రశ్న అడిగాను, జవాబు విన్నాను, సోడా తాగాను, వచ్చేశాను. ఆ తర్వాత మీ కమిటీకి రాశాను, నీకు రాశాను. ఆ పిల్లకి ఒక్క ముక్క రాయలేదు. రాస్తానన్నాను.

ఇవాళ్టికి నాలుగు రోజులైంది. పొద్దున ట్యూషన్ పిల్లలు వెళ్లాక కూర్చుంటున్నాను. చిరంజీవి లోవకుమారికి, అని రాస్తున్నాను. తర్వాత మాట రావడం లేదు. నిన్న "చిరంజీవి" కొట్టేసి చూశాను. ఇవాళ "శ్రీమతి" పెట్టి చూశాను. ఐదు కాగితాలు పాడయ్యాయి.

ఇది పోస్టులో వేసి వచ్చి మళ్లీ కూర్చుంటాను.

పిన్ని